ఇంటి సర్వర్ కోసం 9యూ వాల్‌మౌంట్ ర్యాక్: లోతు, గోడ, కరెంటు చూసుకుని కొనండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనమంతా సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్లో, ఇంటి సర్వర్ కోసం కొన్న 9యూ వాల్‌మౌంట్ ర్యాక్ రివ్యూ ఇది. ఇంటి సర్వర్ అంటే మన ఫోటోలు, సినిమాలు దాచి ఇంట్లో అందరికీ అందించే కంప్యూటర్, ర్యాక్ అంటే దాన్నీ దాని సామాన్నీ పెట్టి గోడకి బిగించే ఇనుప డబ్బా. తయారుచేసిన కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ కొలతల ర్యాకులు ఇక్కడ చాలా పేర్ల మీద దొరుకుతాయి, రేకు మందం, తలుపు, తాళం దాదాపు అన్నిట్లో ఒకటే. నా మాట ముందే చెప్పేస్తాను: డబ్బా బాగుంది, పెట్టిన డబ్బుకి తగ్గ సరుకే, మళ్లీ కొనాల్సొచ్చినా ఇదే కొంటాను. కాకపోతే దాంతో వచ్చిన ఫ్యాను, నట్లు మార్చుకోవాలి, ఎర్త్ వైరు మనమే వేయించుకోవాలి. ఇంట్లో సర్వర్ అనగానే అందరూ ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అడుగుతారు. ఏడాది పొడవునా రాత్రీ పగలూ ఆగకుండా నడవాలంటే మాత్రం ముందు చూడాల్సినవి ర్యాక్ లోతు, దాన్ని మోసే గోడ, దానికొచ్చే కరెంటు. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఐదారేళ్ల నాటి పాత ఆఫీసు కంప్యూటర్ కూడా హాయిగా పనిచేస్తుంది.

లోతుతో మొదలుపెడతాను. 19 అంగుళాల ర్యాక్ అంటే ముందు ప్యానెల్ వెడల్పు 482.6 మిల్లీమీటర్లు, ఎత్తు యూల్లో కొలుస్తారు, ఒక యూ 44.45 మిల్లీమీటర్లు, అంటే ఒకటీ ముప్పావు అంగుళం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచి వస్తున్న కొలతలివి, కాబట్టి ఎక్కడ తయారైన నెట్‌వర్క్ స్విచ్ (ఇంట్లో నెట్ కేబుళ్లన్నిటినీ కలిపే డబ్బా) అయినా మన ర్యాక్‌లో సరిగ్గా కూర్చుంటుంది. లోతుకి అలాంటి ఒకే కొలత లేదు. గోడకి పెట్టేవి 400, 500, 550, 600 మిల్లీమీటర్ల లోతుల్లో వస్తాయి, పైగా షాపులో 9యూ ర్యాక్ అని అడిగితే ఎక్కువగా తీసి చూపించేది సీసీటీవీ వాళ్లు కొనే తక్కువ లోతుదే. నాకూ అదే చూపించారు, డీవీఆర్ అనే కెమెరాల రికార్డర్ కోసం అనుకుని.

"సార్, డీవీఆర్‌కి 400 చాలు, ఎందుకు దండగ ఖర్చు" అన్నాడు షాపాయన.

"డీవీఆర్ కాదన్నా, ఎన్‌ఏఎస్ పెట్టాలి, చిన్న పీసీ పెట్టాలి, అడాప్టర్లన్నీ వెనకాలే ఉండాలి" అంటే, "అయితే 550 తీసుకోండి, 350 ట్రే వేసినా వెనక చెయ్యి పడుతుంది" అని లోపల్నుంచి తెప్పించాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. ఎందుకంటే చెప్పిన లోతు బయటి కొలత. ముందు పట్టాలు తలుపు నుంచి కొంత లోపలికి ఉంటాయి, వెనక ప్లగ్గులు, వాటి వైర్ల వంపు ఇంకొంత తినేస్తాయి. చిన్న రెండు డిస్కుల ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ మీద ఇంట్లో అందరూ వాడుకునే డిస్కుల డబ్బా) ఇరవై రెండు, ఇరవై మూడు సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి 400లో కూడా పడుతుంది, పడాక దాని వెనక ఉన్న అడాప్టర్ దిమ్మల్ని ఎక్కడ పెడతాం? 550లో ఆ ఇబ్బంది రాలేదు, ట్రే వెనక చెయ్యి పెట్టి ఏ ప్లగ్గయినా తీయగలుగుతున్నాను.

ఇక్కడే ఇంకో మాట. పాత రెండు యూల ర్యాక్ సర్వర్లు చవగ్గా దొరుకుతున్నాయని కొంతమంది మోజు పడతారు. వాటి పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, ఏ గోడ ర్యాక్‌లోనూ పట్టవు, 800 లేదా 1000 లోతున్న నేల ర్యాక్ కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే వంద వాట్ల దాకా లాగుతాయి, ఇక ఆ ఫ్యాన్ల హోరు పడగ్గది పక్కన భరించలేం. ఇంటికి వద్దు.

సింగిల్ సెక్షన్, డబుల్ సెక్షన్ అని కూడా అడిగి తీసుకోండి. డబుల్ అయితే వెనక భాగం గోడకి ఉండిపోయి ముందు డబ్బా మొత్తం తలుపులా తెరుచుకుంటుంది, వెనక పనులు చేయడం చాలా సుఖం. నేను సింగిల్ తీసుకున్నాను, దీనికి రెండు పక్కల రేకులు ఊడొస్తాయి. పక్కన అడుగున్నర ఖాళీ వదిలి బిగించాం కాబట్టి ఇదే సరిపోయింది, పైగా బరువు తక్కువ, తెరిచినప్పుడు బోల్టుల మీద లాగుడు పడదు. మూలలో బిగించేవాళ్లకి మాత్రం డబుల్ తప్పదు.

ఇక గోడ. ర్యాక్, లోపలి సామాను కలిపి ముప్పై కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంట్లలో గదుల మధ్య గోడలు ఎక్కువగా నాలుగంగుళాలవే, వాటికి ఇంత బరువు వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. మేం మొదట అనుకున్న చోట ఎలక్ట్రీషియన్ గోడ మీద వేళ్లతో కొట్టి చూసి, "సార్, ఇది నాలుగంగుళాలు, అవతల బాత్రూమ్ పైపులున్నాయి, డ్రిల్లు పెట్టొద్దు" అని ఖరాఖండిగా చెప్పాడు. అతనే హాలు నుంచి వంటింటికి వెళ్లే దారిలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ చూపించాడు. అక్కడ నాలుగు యాంకర్ ఫాస్టెనర్లు వేసి, పై రెండూ బిగించాక మనిషి బరువు వేసి లాగి చూసి, అప్పుడు కింద రెండు బిగించాడు. పనిమంతుడు.

మీ గోడ తేలిక బ్లాకులదైతే, అదే ఏఏసీ అంటారే, మామూలు ఫాస్టెనర్ అందులో పట్టు నిలవదు, బ్లాక్ పొడి రాలిపోతుంది. గోడ ఇటు నుంచి అటు పోయే బోల్టు వేసి అవతల ప్లేటు పెట్టించాలి, లేదా జిగురు మందుతో పట్టే కెమికల్ యాంకర్ వేయించాలి. అదంతా ఎందుకనుకుంటే చక్రాలున్న నేల ర్యాక్ కొనుక్కోవడమే సుఖం. కొత్త ఎత్తైన టవర్లలో మైవాన్ కాంక్రీట్ గోడలుంటాయి, అవి బరువుకి ఢోకా లేదు, డ్రిల్లింగ్ కష్టం, వైఫై మాత్రం ఒక గది దాటి ఇంకో గదికి పోవడానికే నానా తంటాలు పడుతుంది. ఆ ఇళ్లవాళ్లకి ప్రతి గదికీ కేబుల్ లాగించుకోవడం విలాసం అనుకోకండి, అవసరం.

ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. సజ్జ మీద వద్దు, వేడి గాలంతా పైకే చేరుతుంది, అదీ పై అంతస్తు అయితే మే నెలలో స్లాబు వేడికి డిస్కులు మాడతాయి. యుటిలిటీలో వాషింగ్ మెషిన్ తడి. వంటింట్లో తాలింపు జిడ్డు ఫ్యాన్ రెక్కలకి పట్టి దాని మీద దుమ్ము గడ్డకడుతుంది. మేం దారిలో, నిలబడితే కంటి ఎత్తులో పెట్టాం, అదొక్కటే ఇంట్లో నాలుగు వైపులా గాలి ఆడే చోటు.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. ర్యాక్ మొత్తం ఇనుము. లోపల పది అడాప్టర్లుంటే ఒక్కోదాంట్లోంచి కొద్దికొద్దిగా లీకయ్యే కరెంటు రేకుకి చేరుతుంది, ఎర్త్ సరిగా లేకపోతే తలుపు ముట్టుకున్నప్పుడు చెయ్యి జిల్లుమంటుంది. ర్యాక్ లోపల ఎర్త్ కోసం ఒక స్టడ్ ఉంది గానీ పెట్టెలో వైరు రాలేదు. పచ్చ వైరు తెచ్చి స్టడ్ నుంచి సాకెట్ ఎర్త్‌కి, తలుపు నుంచి బాడీకి వేయించాం. అంతకంటే ముందు ఆ సాకెట్‌లో నిజంగా ఎర్త్ ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు వోల్టుల లోపు రావాలి. ఈ చివరిది పదో ఇరవయ్యో చూపిస్తే ముందు బిల్డింగ్ ఎర్తింగ్ సంగతి చూడమని అసోసియేషన్ వాళ్లని పట్టుకోండి, సర్వర్ తర్వాత కొనుక్కోవచ్చు.

యూపీఎస్ ర్యాక్‌లో పెట్టలేదు, పెట్టొద్దు కూడా. వెయ్యి వీఏ యూపీఎస్ ఒక్కటే ఎనిమిది పది కిలోలుంటుంది, ఆ బరువు గోడ మీద ఎందుకు? ఇంకో కారణం బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర బాగుంటుంది, అక్కణ్నుంచి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. ర్యాక్ లోపలి వేడి దానికి శత్రువు. కింద చిన్న స్టూలు మీద పెట్టి పవర్ వైరు ఒక్కటే పైకి తీసుకెళ్లాం. కొనేటప్పుడు వెనక యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో చూడండి, చవక మోడళ్లలో ఉండదు. ఆ పోర్టు ఉంటేనే ఎన్‌యూటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ద్వారా, బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది. రాత్రి పూట కరెంటు పోయి మనం నిద్రలో ఉన్నప్పుడు డిస్కుల మీద డేటాని కాపాడేది అదే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అంటారు. ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో కొన్ని అడాప్టర్లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు, రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని కరెంటుని కొన్ని యూపీఎస్‌లు కరెంటుగానే ఒప్పుకోవు, బ్యాటరీ మీదే ఉండిపోతాయి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, దాని తర్వాత చిన్న యూపీఎస్, ఇది మా ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తోంది. సర్వర్ లేకుండా ఫైబర్ డబ్బా, రౌటర్ మాత్రమే ఉన్నవాళ్లకి 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ చాలు.

ఇప్పుడు ర్యాక్ లోపలికి వద్దాం. బిగించేటప్పుడు చేతికి తగిలే మొదటి సరుకు కేజ్ నట్. చతురస్రం రంధ్రంలో కూర్చునే చిన్న స్ప్రింగ్ రేకు పంజరం, దాని మధ్యలో ఎం6 నట్టు వదులుగా కదులుతూ ఉంటుంది. ఒక రెక్కని రంధ్రం అంచుకి తగిలించి, రెండో రెక్కని నొక్కి లోపలికి తోయాలి, టక్‌మని పడాలి. పెట్టెలో వచ్చినవి పల్చటి రేకువి, స్క్రూ తిప్పుతుంటే పంజరం విచ్చుకుని నట్టు దాంతో పాటే గిర్రున తిరిగేది. అదే మార్కెట్‌లో మందం రేకువి విడిగా కొని తెచ్చాక ఒక్కటీ జారలేదు. కేజ్ నట్ టూల్ అని వంకర మూతి రేకు ముక్క ఒకటి అమ్ముతారు, తప్పకుండా తీసుకోండి, గోళ్లు చీలకుండా ఉంటాయి. రంధ్రాల మధ్య దూరం సమానంగా ఉండదు, యూకి మూడు రంధ్రాలు, ఒక యూ చివరి రంధ్రానికీ తర్వాతి యూ మొదటి రంధ్రానికీ మధ్య దగ్గరగా ఉంటుంది. ఆ దగ్గరగా ఉన్న జత మధ్యలోనే యూ గీత అని గుర్తుంచుకుంటే ఏదీ వంకరగా కూర్చోదు.

మా అమరిక ఇది. పైన ప్యాచ్ ప్యానెల్ (గదుల నుంచి వచ్చిన కేబుళ్ల చివర్లు బిగించే పట్టీ), దాని కిందే స్విచ్, దాని కింద ఒక ట్రేలో ఫైబర్ డబ్బా, రౌటర్ కలిపి రెండు యూలు. తర్వాత నాలుగు యూల ఎత్తులో ఇంకో ట్రే మీద ఎన్‌ఏఎస్, పక్కన మినీ పీసీ. అడుగున పీడీయూ, అంటే అన్ని ప్లగ్గులూ గుచ్చే సాకెట్ల పట్టీ. తొమ్మిదీ నిండాయి, వేలు పట్టే సందు లేదు. కెమెరాల రికార్డర్ కూడా ఇందులోనే పెట్టాలనుకునేవాళ్లు 12యూకి వెళ్లండి, ధరలో తేడా పెద్దగా ఉండదు.

ఫ్యాను గురించి గట్టిగానే చెప్పాలి. ర్యాక్ పైకప్పులో 230 వోల్టుల నాలుగంగుళాల ఫ్యాను బిగించి ఇచ్చారు. గాలి బాగానే తోలుతుంది కానీ ఆ గుర్రు శబ్దం ఇంట్లో కుదరదు, రాత్రి తలుపులన్నీ మూసినా వినపడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను, ఒక చిన్న థర్మోస్టాట్ బోర్డు తెచ్చి మార్చాం. లోపల 38 డిగ్రీలు దాటితేనే తిరుగుతుంది, శీతాకాలంలో దాదాపు తిరగనే తిరగదు. ఏప్రిల్, మే నెలల్లో ముందున్న అద్దం తలుపు ఓరగా తెరిచి ఉంచుతాం. జాలీ తలుపు దొరికితే అదే మంచిది, అద్దం చూడ్డానికి బాగుంటుంది తప్ప గాలిని ఆపేస్తుంది. వైర్లు రావడానికి పైనా కిందా కొట్టేసిన రంధ్రాలకి బ్రష్ ప్యానెల్ బిగించండి, వెచ్చదనానికి బల్లులు లోపలికి చేరతాయి, అది స్విచ్ లోపలి సర్క్యూట్ దాకా వెళ్లిందంటే బల్లీ పోతుంది, స్విచ్చూ పోతుంది.

కొత్తవాళ్లకి తట్టని సంగతి ఇంకొకటి. ఇనుప డబ్బాలో పెట్టిన వైఫై రౌటర్ బయటికి సిగ్నల్ సరిగా ఇవ్వదు. అందుకే వైఫైని ర్యాక్ బయట పెట్టాలి: హాల్లో సీలింగ్‌కి ఒక యాక్సెస్ పాయింట్, దానికి కేబుల్ మీదే కరెంటు, అదే పీఓఈ. 802.3ఏఎఫ్ ప్రమాణం ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, ఇంటి యాక్సెస్ పాయింట్లు చాలావాటికి అది చాలు. ఎనిమిది పోర్టుల్లో నాలుగింటికి పీఓఈ ఉన్న స్విచ్ కొంటే మామూలు ఇల్లు గడిచిపోతుంది.

కేబుల్ దగ్గర పైసా తగ్గొద్దు. క్యాట్ 6 అని రాసి ఉన్నా లోపల రాగి పూత పూసిన అల్యూమినియం ఉన్న చుట్టలు మార్కెట్‌లో తిరుగుతున్నాయి. పరీక్ష చాలా తేలిక, షాపులోనే చేయొచ్చు: ఒక తీగ ఒలిచి బ్లేడుతో గీకండి, గీకిన చోట తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగానే ఉంటే రాగి. అల్యూమినియంకి నిరోధం ఎక్కువ, పీఓఈ కరెంటు పోతే వేడెక్కుతుంది, తీగని సాకెట్‌లో నొక్కి బిగించే చోట, అదే పంచింగ్ దగ్గర, విరుగుతుంది. గోడలో పైపుల్లోంచి ఒకసారి లాగాక ఇరవై ఏళ్లు ఉండే సరుకు అది, మళ్లీ తీయలేం. నిజం రాగి క్యాట్ 6 గిగాబిట్‌ని వంద మీటర్లు, పది గిగాబిట్‌ని 55 మీటర్ల దాకా మోస్తుంది, మన ఇళ్లలో అంత దూరాలెక్కడివి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం తోయనివ్వకండి, ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అన్నా ఒప్పుకోవద్దు. పాత టీవీ, ఫోన్ పైపులు ఖాళీగానే ఉంటాయి, వాటిలో లాగించండి.

కంప్యూటర్ గురించి క్లుప్తంగా. ఆఫీసులు లీజు అయిపోయాక వదిలేసే చిన్న పీసీలు సీటీసీలో బోలెడు. మాది థింక్‌సెంటర్ ఎం720క్యూ, మందం 34.5 మిల్లీమీటర్లు, పడుకోబెడితే ఒక యూలో పడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్ల చుట్టూ. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి విండోస్ 11 ఎక్కని ఇంకా పాత తరం పీసీలు మరీ చవకయ్యాయి, లైనక్స్ పెట్టుకునే మనకి వాటితో ఏ ఇబ్బందీ లేదు. దాని మీద ఒకే పీసీలో చాలా సర్వర్లు నడిపే ప్రాక్స్‌మాక్స్, అందులో ఫోన్ ఫోటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, ప్రకటనలు ఆపడానికి ఆడ్‌గార్డ్ హోమ్. డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకమేనా (డేటా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసేది; ఎక్కించి రాసేది ఎస్ఎంఆర్) అని అడిగి తీసుకోండి, ఎస్ఎంఆర్ డిస్కులు ఎన్‌ఏఎస్‌లో ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు డేటా మళ్లీ రాసుకోవడానికి రోజులు తీసుకుంటాయి.

అన్నీ కలిపి 45 వాట్లు. అంటే రోజుకి దాదాపు ఒక యూనిట్, నెలకి 32. యూనిట్ తొమ్మిది రూపాయల శ్లాబులో ఉన్నా మూడు వందల లోపు. క్లౌడ్ స్టోరేజీకి కట్టే చందాతో పోల్చి డబ్బు మిగులుతుందని నేను చెప్పను, డిస్కులు, యూపీఎస్ బ్యాటరీ కూడా లెక్కేస్తే పెద్దగా మిగలదు. పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాలు మన ఇంట్లో మన చేతిలో ఉండటం నాకు ముఖ్యం, దానికోసమే ఇదంతా.

రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. పిడుగు పడితే రెండూ పోతాయి, దొంగ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. అందుకే తెనాలిలో అమ్మావాళ్లింట్లో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, దానికి ఒక డిస్కు పెట్టాం. మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సీజీనాట్ ఉంటుంది, అంటే ఒకే ఇంటర్నెట్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతారు, అందుకే బయటి నుంచి నేరుగా ఇంటికి రాలేం, మన పరికరాలని ఇంటర్నెట్ మీదుగా కలిపే టెయిల్‌స్కేల్ సాఫ్ట్‌వేర్ వేస్తే ఆ సమస్య ఉండదు. రోజూ రాత్రి కొత్త ఫోటోలు ఎన్‌క్రిప్ట్ అయి అక్కడికి చేరతాయి. అమ్మ ఫోన్లో ఇమ్మిచ్ పెట్టించాం, మనవరాలి ఫోటోలు అందులోనే చూసుకుంటుంది, "వాట్సాప్‌లో పంపలేదేంట్రా" అని అడగడం మానేసింది.

ధర విషయానికొస్తే ర్యాక్, రెండు ట్రేలు, పీడీయూ, ప్యాచ్ ప్యానెల్ కలిపి పదివేల చుట్టుపక్కల అయింది, బేరం ఆడితే ట్రేల మీద తగ్గిస్తారు. పీడీయూలో అడాప్టర్ దిమ్మలు పక్కపక్కనే పట్టేంత దూరంగా సాకెట్లు ఉన్నాయో లేదో మీ అడాప్టర్ ఒకటి తీసుకెళ్లి గుచ్చి చూడండి. బిల్లు జీఎస్టీతో తీసుకోండి, స్విచ్, డిస్కుల సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. ర్యాక్‌ని బండి మీద పెట్టుకుని రావాలని చూడకండి, ట్రాలీ ఆటో మాట్లాడుకోండి, అద్దం తలుపు ఊడదీసి దుప్పట్లో చుట్టి విడిగా పట్టుకురండి.